పసుపు రాసిన మోటారు

పోయిన నెలలో మా అబ్బాయి పడవ మోటారు ఒడ్డు మీద నుంచి పోయింది. పొద్దున్నే వెళ్ళి చూసేసరికి పడవ వెనక బిగించిన బోల్టులు ఎవరో ఊడదీస్తే ఇసకలో పడి ఉన్నాయట, మోటారు లేదట. వాడు కాసేపు నలుగురినీ నాలుగు తిట్టి, మోటారు కొన్న రోజున తీసి పెట్టుకున్న ఫొటో ఒకటి ఫోనులోంచి పోలీసులకు పంపించేసి, ఇంటికొచ్చి గంజి తాగి పడుకున్నాడు. నాకు మాత్రం ఆ పూటంతా ముద్ద దిగలేదు. మా కోడలు నా కంచం చూసి, "పోనాది మోటారే గదా అత్తా, మనిసి కాదు గదా" అంది. పాపం, దానికి తెలియక అన్న మాట అది.

వారం తిరక్కుండానే స్టేషనుకు రమ్మని కబురొచ్చింది. నేనూ వస్తానంటే మావాడు విసుక్కున్నాడు గాని, ఆటోలో ఒక మూల కూర్చోబెట్టి తీసుకెళ్ళాడు. స్టేషను ముందు టార్పాలిన్ పరిచి, ఎక్కడెక్కడివో దొరికిన మోటార్లన్నీ వరసగా పడుకోబెట్టారు. నేను ఒంగి, ఒక మోటారు పక్కనున్న రేకు మీద వేళ్ళు పెట్టి తడుముతూ ఉండిపోయాను. అక్కడున్న కానిస్టేబులు నవ్వి, "ఏటి మామ్మా, సేప తాజాదో కాదో సూస్తన్నావా" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం మూడు రోజులు నా కళ్ళు ఆరలేదు. ఎందుకమ్మా ఏడుస్తావు, దొరికింది కదా అని మా అబ్బాయి అడిగితే, వాడికేమని చెప్పను. వాడికి ముందు పుట్టిన దాని సంగతి వాడికి సగమే తెలుసు.

నాకు చదువు రాదు. నేను చెబుతూ ఉంటే మా మనవరాలు రాస్తోంది. నా నోటి మాటను అది తన బడి భాషలోకి దిద్దుకుంటూ పోతోంది, నేనూ సరేలే అన్నాను. మనుషులు అన్న మాటలు మాత్రం వాళ్ళు ఎలా అన్నారో అలాగే రాయమన్నాను, ఎందుకంటే ఆ మాటలే నా చెవిలో ఇన్నేళ్ళూ ఉండిపోయాయి. నా ఈడు వాళ్ళెవరైనా చదివించుకుని వింటే, నేను చెప్పేది అబద్ధం కాదని వాళ్ళకు తెలుస్తుంది.

మా ఊరు కళింగపట్నానికి ఉత్తరాన, వంశధార సముద్రంలో కలిసే చోటు దాటాక, ఇసక దిబ్బల మీద ఉన్న నలభై గడప. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒడ్డు మీద తాళం అన్న వస్తువే నేను చూడలేదు. తెప్పలు తడి ఆరడానికి దుంగలకు దుంగలు విడదీసి వదిలేసేవారు, తెడ్లు ఇసకలో గుచ్చి వదిలేసేవారు, వలలు వలల పాకలో దండేల మీద వేలాడుతుండేవి, ఆ పాకకు తలుపు కూడా ఉండేది కాదు. సముద్రానికి వెళ్ళే సామాను గంగమ్మ తల్లిది, దాన్ని ఇంకొకడు ముట్టుకుంటే వాడి తెప్ప తిరిగి ఒడ్డుకు రాదని మావాళ్ళ నమ్మకం. భయమే మాకు తాళం. ఆ తాళం పక్క ఊళ్ళ వాళ్ళకు కూడా పడుతుందనే అనుకున్నాం గాని, సముద్రం అంటే ఏమిటో తెలియని మనిషి ఒకడు వచ్చి పాకలో చెయ్యి పెడతాడని మాలో ఎవరికీ తట్టలేదు.

అరవైల చివర్లో, నాకప్పుడు పంతొమ్మిదో ఇరవయ్యో, మా ఊరికి మోటారు వచ్చింది. చేపల ఆఫీసు వాళ్ళు ఆ రోజు అయిదు ఊళ్ళకు అయిదు మోటార్లు ఇచ్చారట, మా ఊరిది నలుగురి పేరు మీద ఇచ్చారు. మా ఆయన, మా బావగారు అంటే మా ఆయనకు అన్న, ఇంకో ఇద్దరు పాలివాళ్ళు. ఎడ్లబండి మీద గోనెపట్టాలో చుట్టి తెస్తుంటే ఊరంతా ఎదురెళ్ళింది. కొత్త కోడలు వచ్చినట్టే హారతి పట్టారు. ఎక్కడ పెట్టాలి అన్నప్పుడు, మా ఆయన చెయ్యి నిదానం కాబట్టి మా ఇంట్లోనే ఉండాలని నలుగురూ అనుకున్నారు. మాదొకటే గది. గదిలో ఒక మూల పొయ్యి, ఒక మూల మేము, ఒక మూల మోటారు. కిరసనాయిలు వాసన అన్నంలోకి, నీళ్ళలోకి, నా తల వెంట్రుకల్లోకి కూడా పట్టేసింది. నేను అప్పటికి కడుపుతో ఉన్నాను, ఆ వాసనకు వాంతులయ్యేవి, అయినా దాని మీద నాకు కోపం వచ్చేది కాదు. అది వచ్చాక మా ఆయన మధ్యాహ్నానికే ఇల్లు చేరుతున్నాడు. గాలి పడిపోయి తెరచాప వేలాడిపోయిన రోజున కూడా ఒడ్డున నిలబడి కళ్ళు కాయలు కాసేలా చూడక్కర్లేకపోయింది.

ప్రతి శుక్రవారం దానికి నేను పసుపు రాసి బొట్టు పెట్టేదాన్ని. దాని పక్కన అరచెయ్యంత రేకు ఒకటి అంటించి ఉండేది, దాని మీద గీతలు లోతుగా కొట్టి ఉండేవి. పసుపు ఆ గాళ్ళలోకి దిగేలా వేలితో ఒక్కొక్క గీత వెంటే రాసేదాన్ని. అవేమిటో నాకు తెలియదు, దానికి పెట్టిన ముగ్గులా ఉండేవి నాకు. మొదట ఒక కొడవలి, దాని పక్కన గాజు, తరువాత తెరచాప ఎత్తిన తెప్ప, దాని పక్కన ఒంటి గెడ, చివర గాజు మీద గాజు. ఆరు నెలల పాటు వారం వారం రాసి రాసి, కళ్ళు మూసుకున్నా నా వేలు ఆ దారినే పోయేది. మా ఆయన చూసి, "దానికి రాసే పసుపులో సగం నాకు రాయొచ్చు గదే" అని వేళాకోళం చేసేవాడు.

ఆ మోటారు నడపడం నేర్పడానికి, పాడైతే బాగు చెయ్యడానికి ఒక మేస్త్రి వస్తుండేవాడు. సాలూరులో లారీలు బాగు చేసే షెడ్డు ఉందట అతనికి. మంచి మాటకారి. మా ఇంట్లోనే భోజనం చేసేవాడు, నేను వండిన చేపల పులుసు రెండు సార్లు పోయించుకుని, చెల్లెమ్మ చెయ్యి చెయ్యే అనేవాడు. ఒకసారి ఏదో చిన్న భాగం అరిగిపోతే మా ఆయన్ను వెంటబెట్టుకుని సాలూరు తీసుకెళ్ళి కొత్తది వేయించి పంపాడు. మా ఊళ్ళో సాలూరు ముఖం చూసిన వాడు మా ఆయన ఒక్కడే, తిరిగొచ్చాక అక్కడ లారీలు చీమల బారులా నిలబడి ఉంటాయని పది రోజులు చెప్పాడు. అలా చెప్పుకోకుండా ఉంటే బాగుండేదని తరువాత ఎన్నిసార్లు అనుకున్నానో.

మాలో పురుడు వచ్చిన ఇంట్లో సముద్రం సామాను ఉండకూడదు. వల గాని, తెడ్డు గాని, చివరికి తాడు ముక్క గాని బిడ్డ నేల మీద పడకముందే గడప దాటించెయ్యాలి, లేకపోతే ఆ సామానుకు మైల, ఆ సామానుతో వెళ్ళిన మనిషికి చేటు. నాకు అమ్మ లేదు కాబట్టి పుట్టింటికి పోయే యోగం లేదు, అత్తవారింట్లోనే పురుడు. మోటారు సంగతి ఏం చెయ్యాలని మా ఆయన నెల ముందు నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాడు. అది వల కాదు కదా, ఇనుము కదా, ఇనుముకు మైలేమిటి, మూల మీద పట్టా కప్పేస్తే సరిపోదా అని వాళ్ళమ్మను అడిగాడు కూడా. మా అత్త ఒప్పుకోలేదు. ఆవిడ మాట ఒక్కటే అయితే ఇంకో గంట వాదించేవాడేమో. నొప్పులు మొదలయ్యాక చాప మీద పడుకుని, "దాన్ని తీసెయ్ మావా, అది ఉంటే నాకు కాన్పు అవదు" అని అరిచింది నేను. నా గొంతే. నా అరుపు విని మా ఆయన తానొక్కడే ఆ బరువు భుజాన వేసుకుని వలల పాకకు తీసుకెళ్ళి పెట్టాడు. ఆఫీసు వాళ్ళు ఇచ్చిన కాగితం ఒకటి చూరులో దోపి ఉండేది, అది కూడా ఆ మోటారుదే కాబట్టి ఇంట్లో ఉండకూడదనుకుని, దాన్నీ తీసి మోటారు చుట్టిన పట్టాలోనే పెట్టేశాడు.

మధ్యాహ్నం దాటాక ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం మేస్త్రి వచ్చాడట, మోటారు ఎక్కడని అడిగి, పాకలో చూసి, బిడ్డ పుట్టిన సంతోషానికి మా వాళ్ళు ఇచ్చిన బెల్లం ముక్క నోట్లో వేసుకుని వెళ్ళాడట. మర్నాడు తెల్లారాక మా బావగారు వల కోసం పాకకు వెళితే మోటారు లేదు. పట్టా లేదు. కాగితం లేదు.

ఇదంతా నాకు తరువాత తెలిసిన సంగతి. ఆ రోజుల్లో నేను పురుటికి కట్టిన తాటాకు తడిక వెనక ఉన్నాను. పురిటాలికి చెడ్డ కబురు చెబితే పాలు ఎండిపోతాయని మా అత్త ఎవరినీ నోరెత్తనివ్వలేదు. మగవాళ్ళు తడిక దగ్గరకు రాకూడదు. నా దగ్గరకు వచ్చేది మంత్రసాని, మా అత్త, అంతే. బయట మనుషులు గుమిగూడి మాట్లాడుకుంటున్నారని తెలిసేది, అడిగితే బిడ్డను చూడ్డానికి వచ్చారనేది ఆవిడ. వారం రోజులు నేను ఆ మాటే నమ్మాను. బిడ్డకు నీళ్ళు పోస్తూ మా అత్త మధ్యలో చెంబు పెట్టేసి కళ్ళు ఒత్తుకోవడం చూసి గట్టిగా అడిగితే, అప్పుడు చెప్పింది. "మోటారు పోనాది. కాయితం కూడా పోనాది. కాయితం నేకపోతే దొరకదట" అంది. నాకు అర్థమైంది అంతవరకే. కాగితం పోయింది, కాగితం దొరకాలి. కాగితం మీద ఏముందో, అది ఎందుకు కావాలో నేను అడగలేదు, ఆవిడకూ తెలియదు.

బయట మా ఆయన ఆ వారం రోజులూ తిరగని చోటు లేదు. స్టేషనుకు వెళితే ఫిర్యాదులు రాసుకునే రైటరు నంబరు చెప్పమన్నాడట. చేపల ఆఫీసుకు వెళితే వాళ్ళ పుస్తకంలో ఆ రోజిచ్చిన అయిదు మోటార్లూ, అయిదు ఊళ్ళూ ఉన్నాయి గాని, ఏ నంబరు ఏ ఊరికి పోయిందో రాయలేదట, అది మీకిచ్చిన కాగితంలోనే ఉందన్నారట. ఒడ్డు పొడవునా నడిచి నడిచి ప్రతి ఊళ్ళోనూ అడిగాడు. రామతీర్థం దాకా పోయి అక్కడ మొక్కుకుని వచ్చాడు, ఆ కొండ మెట్లు ఎక్కుతున్నప్పుడు కాళ్ళు పగిలి రక్తాలు కారాయని మా అత్త చెప్పింది. నాకు సంగతి తెలిసిన మర్నాడు మేస్త్రి కూడా పరామర్శకు వచ్చాడు. మా గడపలో కూర్చుని అయ్యో అయ్యో అని, కాగితమైనా ఉందా అని రెండు సార్లు అడిగి, లేదంటే తల పట్టుకుని, మా అత్త ఇచ్చిన గంజి తాగి పోయాడు. తడిక ఇవతల నుంచి అతని గొంతు నేనూ విన్నాను. మంచి మనిషి, ఇంత దూరం వచ్చాడు అనుకున్నాను.

మా ఒడ్డున దొంగతనం అనేది జరగదు కాబట్టి జరిగింది దొంగతనం కాదని ఊరు తేల్చుకుంది. ఎవరూ మొదట పైకి అనలేదు. ఇంట్లో ఉన్న సామాను ఆ రోజే ఎందుకు బయటకు వెళ్ళింది, తీసుకెళ్ళింది ఎవరు, కాగితం కూడా పట్టాలో ఎందుకు పెట్టినట్టు. పాలివాళ్ళలో ఒకడు, "సాలూరు ఎల్లొచ్చినోడికి దారి తెల్సు గదా" అన్నాడట. ఆ మాటకు ఊరంతా తల ఊపింది. మా బావగారు తల ఊపలేదు గాని, కాదనలేదు కూడా. సొంత అన్న నోరు మెదపకపోవడంతో మా ఆయన పని అయిపోయింది.

కులపెద్ద ఒట్టు వెయ్యమన్నాడు. మాలో ఒట్టంటే మాటతో పోయేది కాదు. అనుమానం పడ్డ మనిషి తన బిడ్డను రెండు చేతుల్లో పట్టుకుని నడుం లోతు నీళ్ళలో నిలబడి, మూడు అలలు వచ్చిపోయేదాకా గంగమ్మకు చెప్పుకోవాలి. అక్కడితో అయిపోదు. రెండు అమావాస్యలు దాటేదాకా ఆ బిడ్డకు ఏమీ కాకపోతే మనిషి నిజం చెప్పినట్టు. ఏమైనా అయితే సముద్రం తీర్పు చెప్పినట్టు. బిడ్డకు పురుడు తీరేదాకా సముద్రం ముట్టకూడదు కాబట్టి ఇరవై ఒకటో రోజుకు గడువు పెట్టారు. ఈలోగా మోటారు దొరికితే ఒట్టు లేదు.

అది తెలిశాక నాకు నిద్ర లేదు. మా ఆయన తప్పు చెయ్యలేదని నాకు తెలుసు, ఒట్టుకు నేను భయపడలేదు. నేను భయపడింది రెండు అమావాస్యలకు. ఆ రోజుల్లో మా నలభై గడపలో ఏటా ఎంతమంది పసిపిల్లలు పోయేవారో నా ఈడు ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు. విరేచనాలకు పోయేవారు, దగ్గుకు పోయేవారు, ఊరికే తెల్లారేసరికి చల్లబడి ఉండేవారు. దొంగ బిడ్డలూ పోయేవారు, దొర బిడ్డలూ పోయేవారు. అలాంటి చోట ఒక మనిషి పరువును పాలు తాగే పసిగుంట ఊపిరి మీద పెడితే అది నిలబడుతుందా. మా అత్తతో ఈ మాటే అన్నాను. ఆవిడ బిడ్డ అరికాలికి కాటుక చుక్క పెట్టి, "నాకు ఏడుగురు పుడితే ఇద్దరే మిగిల్నారే" అని లేచిపోయింది.

ఇరవయ్యో రోజున తడిక అవతల మా ఆయన వచ్చి కూర్చున్నాడు. రాకూడదు, అయినా వచ్చాడు. గోడకు ఆనుకున్న చప్పుడు వినిపించింది. ఊరొదిలి పోదాం మావా అన్నాను నేను. "పోతే దొంగనే అంతారు. నాను దొంగని కానే" అన్నాడు. బిడ్డను చూపించమన్నాడు. తాటాకు సందులోంచి దాని చెయ్యి బయటకు పెట్టాను. ఆ చేతిని పట్టుకుని ఎంతసేపు ఉన్నాడో.

మర్నాడు నాకు పురుడు నీళ్ళు పోశారు. ఆ రోజే బిడ్డకు పేరు పెట్టి ఉయ్యాలలో వెయ్యాలి. ఒట్టు తేలేదాకా పేరు వద్దన్నారు పెద్దలు, అది కూడా ఆచారమే. నా తల వెంట్రుకలు తడారకముందే బిడ్డను నా చేతుల్లోంచి తీసుకున్నారు. ఊరంతా ఒడ్డున ఉంది. మా ఆయన నీళ్ళలోకి దిగి, "తల్లీ, మోటారు నాను దాసినా, అమ్మినా, అమ్మినోడ్ని నాను ఎరిగినా, నాకిచ్చినదాన్ని నువ్వు తీసుకో" అన్నాడు. మొదటి అల వచ్చింది, పోయింది. రెండోదీ అంతే. మూడో అలకు ఆయన బిడ్డను తల మీదకు ఎత్తాడు గాని, ఆ అల ఆయన తల మీదుగానే పోయింది. తేలినప్పుడు బిడ్డ ఆయన చేతుల్లోనే ఉంది, నోట్లోంచి నీళ్ళు కారుతూ ఏడుస్తోంది. ఏడుస్తోంది కదా, బతికింది అనుకున్నాను. గుండెకు హత్తుకుంటే ఒళ్ళు మంచులా ఉంది.

అయిదో రోజున దగ్గు మొదలైంది. వాము కాచి పట్టించాం, వేడి ఇసక మూట కట్టి కాపడం పెట్టాం, కళింగపట్నంలో ఉన్న కాంపౌండరు దగ్గరకు మా ఆయన దాన్ని గుడ్డలో చుట్టుకుని పరిగెత్తాడు. పదకొండో రోజున పోయింది. ఆ చలి వల్ల పోయిందో, పోవాలని ఉండి పోయిందో నాకిప్పటికీ తెలియదు. మొదటి అమావాస్యకు ఇంకా మూడు రోజులుంది.

ఊరు మమ్మల్ని తిట్టలేదు, కొట్టలేదు. సముద్రం చెప్పేసింది కాబట్టి వాళ్ళు చెప్పాల్సింది ఏమీ లేదు. మా ఆయన ఎక్కితే ఆ తెప్ప మీద ఇంకొకరు ఎక్కడం మానేశారు. తెప్పను ఒక్కడే అలల్లోంచి దాటించలేక ఒడ్డునే కూర్చునేవాడు. బావిలో నేను చేద వేస్తే మిగతా ఆడవాళ్ళు నేను వెళ్ళేదాకా ఆగేవారు. మా బావగారింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే తడిక, ఆ పక్క పిల్లల నవ్వులు కూడా వినిపించకుండా వాళ్ళు గొంతులు తగ్గించుకునేవారు, అది జాలో భయమో నాకు తెలియదు. నా పాలు ఎండలేదు. రోజూ పిండి ఇసకలో పోసేదాన్ని. మా ఆయన తినడం మానేశాడు. ఒకరోజు పగటిపూటే ఒక్కడూ నీళ్ళలోకి నడుచుకుంటూ పోతుంటే మా అత్త చూసి, ఆ వయసులో పరిగెత్తి, జుట్టు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది.

ఆ మర్నాడే నేను స్టేషనుకు పోదాం అన్నాను. ఎందుకో నాకూ తెలియదు, ఆ మనిషిని సముద్రానికి దూరంగా కాస్త నడిపిద్దామని అనుకున్నానేమో. తొమ్మిది మైళ్ళు నడిచాం. రైటరు మా ఆయన్ను గుర్తుపట్టి విసుక్కున్నాడు. "నంబరు నేకుండా నన్నేటి సెయ్యమంతావురా. ఏ వస్తువుకైనా నంబరు ఉంతాది. ఇదిగో, నా సైకిలుకు కూడా ఉన్నాది, సూడు" అని అరుగు మీదున్న సైకిలు సీటు కింద వేలు పెట్టి చూపించాడు. నేను వెనక నిలబడి ఉన్నదాన్ని ఒంగి చూశాను. ఇనుము మీద లోతుగా కొట్టిన గీతలు. వేలు పెట్టి తడిమాను. అందులో ఒక గాజు ఉంది. ఒక కొడవలి ఉంది.

నంబరంటే ఇవేనా బాబూ అని అడిగాను. మరేటి అన్నాడు. ఇలాటివి మోటారు మీద కూడా ఉన్నాయి, నాకు తెల్సు అన్నాను. అతను నవ్వాడు. నేను అక్కడ బల్ల మీదున్న సుద్దముక్క తీసుకుని స్టేషను అరుగు మీద కూర్చుని, ప్రతి శుక్రవారం నా వేలు ఏ దారిన పోయేదో ఆ దారినే గీశాను. కొడవలి, గాజు, తెరచాప, గెడ, గాజు మీద గాజు. రైటరు నవ్వడం ఆపి, కుర్చీలోంచి లేచి వచ్చి, వాటిని చూసి కాగితం మీద ఎక్కించుకున్నాడు. ఆఫీసు పుస్తకంలో ఉన్న అయిదింటిలో ఇదొకటా కాదా చూస్తానన్నాడు.

మా ఆయన ఆ గీతల వంక చూస్తూ ఉండిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో ఆగి అడిగాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదే."

"నన్నెవులడిగినారు మావా."

అంతకుమించి మేమిద్దరం ఆ సంగతి జీవితంలో మళ్ళీ మాట్లాడుకోలేదు. తడిక వెనక నేను ఉన్న ఇరవై ఒక్క రోజులూ వాళ్ళు వెతుకుతున్నది నా వేలి కొసనే ఉంది. వాళ్ళు కాగితం అన్నారు, నేను కాగితమే అనుకున్నాను. కాగితం మీద ఉండేది మోటారు మీద ఉండేదేనని చెప్పేవాళ్ళు లేరు, నాకు తట్టే చదువు లేదు. మగవాళ్ళు తడిక దాటి ఒక్కసారి వచ్చి అడిగి ఉంటే, నేను ఒక్కసారి ఏం కాగితం అని అడిగి ఉంటే, పదో రోజుకే చెప్పేదాన్ని. మోటారు అప్పటికి దొరికేదో లేదో నాకు తెలియదు. దొరికేదనే అనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను, అలా అనుకోకుండా ఉండే ఉపాయం నాకు దొరకలేదు.

ఇంకో నెలకు మోటారు దొరికింది. ఆ నంబరు పట్టుకుని పోలీసులు షెడ్లన్నీ వెతికితే, సాలూరులో మేస్త్రి షెడ్డులోనే, పాత లారీ సామాను కింద, మా గోనెపట్టాలోనే ఉందట. అది తనదేనని, ఇంకెక్కడో కొన్నానని మేస్త్రి బుకాయించాడట. కానిస్టేబులు రేకు తుడిచి చూస్తే నంబరు గాళ్ళలో నా పసుపు ఇంకా పచ్చగానే ఉందట. మా ఇంట్లో తప్ప ఏ ఇంట్లో మోటారుకు పసుపు రాస్తారు.

దాన్ని ఊరికి తెచ్చిన రోజున మళ్ళీ ఎడ్లబండే, మళ్ళీ ఊరంతా ఎదురెళ్ళింది, హారతి పట్టడానికి మాత్రం ఎవరి చేతులూ రాలేదు. బండిని తిన్నగా మా గడపలోకే తోలించాడు కులపెద్ద. మా బావగారు బండి వెనకే వచ్చి, దూరంగా ఇసకలో కూలబడి తల ఎత్తలేదు. పెద్దాయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "తప్పయిపోనాదిరా. నీ మోటారు నువ్వే నడుపు" అన్నాడు. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నవాడు లేవలేదు. కూర్చున్న చోటి నుంచే అన్నాడు.

"అదే సముద్రం గదా పెద్దయ్యా. ఆ రోజు ఒగటి సెప్పింది, ఈ రోజు ఇంకోటి సెప్తందా."

పెద్దాయన తలపాగా చేత్తోనే పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తరువాత మా ఒడ్డున బిడ్డను పట్టుకుని ఎవరూ ఒట్టు వెయ్యలేదు. వద్దని ఎవరూ చాటింపు వెయ్యలేదు, ఎవరూ వెయ్యమని అడగలేదు, అంతే. ఆ ఏడే వలల పాకకు తలుపు పెట్టారు, తలుపుకు తాళం పెట్టారు. మా ఆయన ఆ మోటారును మళ్ళీ ముట్టుకోలేదు. తన పాలు అన్నకు వదిలేసి, చచ్చిపోయేదాకా తెడ్డు వేసుకునే తిరిగాడు. గాలి పడిపోయిన రోజున ఒడ్డున నిలబడి కళ్ళు కాయలు కాసేలా చూడ్డం నాకు మళ్ళీ మొదలైంది. మేము మళ్ళీ పిల్లల్ని కన్నాం, మగపిల్లలే. ప్రతి పురుడుకూ తడిక కట్టారు, ప్రతిసారీ మా ఆయన ఆ తడిక దాటి వచ్చి నా పక్కన కూర్చుని, ఊళ్ళో ఏం జరిగిందో చిన్న సంగతి కూడా వదలకుండా చెప్పేవాడు. మా అత్త చూసీ చూడనట్టు బయటకు వెళ్ళిపోయేది.

ఇప్పుడు ఒడ్డు మీద ఎటు చూసినా మోటార్లే. తెప్పలు కట్టే దుంగలు ఎలా ఉంటాయో మా మనవలకు తెలియదు. దొంగలు కూడా ఎక్కువయ్యారు, తాళాలు, గొలుసులు, స్తంభాల మీద కెమెరాలు. మనుషుల మీద మనుషులకు నమ్మకం తగ్గిపోయిందని నా ఈడు వాళ్ళు వాపోతుంటారు, ఒడ్డున తెడ్డు గుచ్చి వదిలేసిన ఆ రోజులే వేరు అంటుంటారు. నిజమే, ఆ రోజులు నేనూ మరిచిపోలేదు. కానీ మా అబ్బాయి మోటారు పోతే వాడిని ఎవరూ ఏమీ అడగలేదు. ఫొటో ఇచ్చాడు, ఇంటికొచ్చి గంజి తాగి పడుకున్నాడు. వాడి పిల్లలు బడికెళ్ళారు. మోటారు పోతే మోటారే పోయిన రోజు ఒకటి చూశాను, నాకది చాలు.

మా మనవరాలు ఇంతవరకూ రాసి, కింద సంతకం పెట్టమంది. వేలిముద్ర వేస్తానంటే ఒప్పుకోలేదు, నీకు వచ్చింది ఏదో ఒకటి రాయి మామ్మా అని కలం నా చేతికిచ్చింది. నాకు వచ్చింది అదొక్కటే, కొడవలి, గాజు, తెరచాప, గెడ, గాజు మీద గాజు. ఇన్నేళ్ళకూ వేలికి దారి తప్పలేదు. మా మనవరాలు చూసి, ఇది మోటారు నంబరు కదా, ఆ పాప పేరు చెప్పు, నేను పక్కన రాస్తానంది.

రెండో అమావాస్య దాటాక పెడదామన్నారమ్మా, అన్నాను.